వేరు చేసే చెయ్యి ఎవరిది?

(నగర శివారు గ్రామాల వాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు కలిసి జరుపుకున్న సదస్సులో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు చెత్త గురించి మాట్లాడటానికి ఊళ్ల నుంచి ఇంతమందిమి ఎందుకొచ్చామని కొందరు అడుగుతున్నారు. పట్నం చెత్త పట్నంలో ఉండదు కనుక వచ్చాం. అది లారీ ఎక్కి ఊళ్ల మీదికి వస్తుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వల్ల మల్కారం చెరువు ఏమైందో దమ్మాయిగూడ వైపు నుంచి వచ్చినవాళ్లకు మేం చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో ఇంకో యార్డు పనులు మొదలుపెడితే, నల్లవల్లి, ప్యారానగర్ జనం రోడ్డెక్కారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చెత్త ఎత్తేది ఎక్కువగా మన ఊళ్ల నుంచి పోయినవాళ్లే. కరువుకు పాలమూరు నుంచి మూటా ముల్లే కట్టుకుని పోయిన మాదిగ తల్లులు పొద్దు పొడవకముందే ఆ రోడ్ల మీద చీపురు పట్టారు. చెత్తేమో మన ఊరికొస్తుంది, మన ఊరి మనిషేమో చెత్త దగ్గరికి పోతాడు. రెండు కొసలా మనమే ఉన్నాం. ప్లాను రాసే బల్ల దగ్గర మాత్రం మనం లేం.

చెత్తను డంపుకు పోనీయకుండా మళ్లించడానికి ఇప్పుడు మూడు రకాల ప్లాన్లు వినిపిస్తున్నాయి. ఒకటి, కాల్చి కరెంటు తీయడం. రెండోది, పెద్ద కంపెనీ బళ్లతో అంతా ఒక్కచోటికి చేర్చి ఎరువు, గ్యాసు చేయడం. మూడోది, వార్డులోనే తడిది ఎరువు చేసి, పొడిది కార్మికుల సంఘం చేతికివ్వడం. మూడింటికీ మంచి పేర్లున్నాయి, రంగు బొమ్మలున్నాయి. మనం బొమ్మలు పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. వేరు చేసే చెయ్యి ఎవరిది? వేరు చేసినదాని విలువ ఎవరి జేబులోకి పోతుంది? మిగిలింది ఎవరి ఊళ్లో పోస్తారు? కాంట్రాక్టరుకు డబ్బు ఏ లెక్కన ఇస్తారు?

ఈ ప్రశ్నలు మనకు కొత్త కాదు. ఊళ్లో దొర పశువుల కొట్టం ఊడ్చింది మన జీతగాడు. పేడ ఎత్తింది మన అమ్మ. ఆ పెంట ఎరువై ఎవరి పొలానికి పోయింది? దొర పొలానికే. మురికి మన చేతికి అంటింది, పంట వాళ్ల గాదెకు చేరింది. పట్నం ప్లాను చూసేటప్పుడు ఆ పెంటకుప్పను గుర్తుపెట్టుకుంటే చాలు, సగం సంగతి అర్థమవుతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. మన నగరాల్లో ఇంటి చెత్త వంద కిలోలు తూస్తే, సుమారు సగం తడిదే. అన్నం, కూరగాయల తొక్కలు, పూలు, ఆకులు. ఇవి విడిగా వస్తే ఎరువవుతాయి, గ్యాసవుతాయి. మిగతాదాంట్లో అట్ట, కాగితం, ప్లాస్టిక్, గాజు, ఇనుము ఉంటాయి. ఇవి విడిగా వస్తే పాత సామాన్ల కొట్టులో డబ్బవుతాయి. ఈ రెండూ ఒక్క బుట్టలో పడ్డాయనుకోండి. పులుసులో తడిసిన అట్టను ఎవరూ కొనరు. బ్లేడు ముక్కలు, గాజు పెంకులు కలిసిన ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు. రెండు మంచి సరుకులు కలిసి ఒక కంపు అవుతాయి. ఆ కంపును మళ్లీ విడదీయాలంటే ఒక మనిషి అందులో చెయ్యి పెట్టాలి. ఆ చెయ్యి ఏ కులానిదో ఈ దేశంలో ఎవరినీ అడగక్కర్లేదు.

అందుకే మేం చెప్పే ముఖ్యమైన మాట ఇది. ఇంట్లో వేరు చెయ్యని చెత్తను మన చేతులతో వేరు చేయిస్తారు. ఇంటి గడప దగ్గర మొదలుకాని ఏ ప్లానైనా, ఎన్ని కోట్లదైనా, చివరికి కులం మీదే నడుస్తుంది.

ఇప్పుడు మొదటి ప్లాను చూద్దాం. కాల్చి కరెంటు తీస్తామంటున్నారు. తడి కట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుందో మన ఆడవాళ్లకు తెలుసు. పొగ వస్తుంది, మంట రాదు. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. కొద్ది వారాలకే ఆగిపోయింది. మన చెత్తలో తడీ, మట్టీ ఎక్కువ, మండే గుణం తక్కువ. 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గరా, విజయవాడలోనూ చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు పెట్టారు. అవీ నిలవలేదు. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. యంత్రాలు మారి ఉండొచ్చు, నిప్పు గుణం మారదు. మంట నిలబడాలంటే అట్ట, కాగితం, ప్లాస్టిక్ కావాలి. అవి ఎవరి కూడు? గోనెసంచి భుజాన వేసుకుని తిరిగే మన అక్క కూడు. ప్లాంటు బాగా మండాలంటే ఆమె పొయ్యి ఆరాలి. పైగా కాలిన తర్వాత బూడిద మిగులుతుంది. ఆ బూడిద పోయడానికి మళ్లీ ఒక ఊరు కావాలి. ఇంకెందుకూ పనికిరాని పొడి చెత్త కొంత ఉంటుంది, దాన్ని కాల్చడం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. అమ్ముడుపోయే సరుకును కాల్చి, దాన్ని మళ్లింపు అంటే మాత్రం మేం ఒప్పుకోం.

రెండో ప్లాను పెద్ద కంపెనీది. దీన్ని మేం గుడ్డిగా కొట్టిపారేయం. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో గ్యాసు చేసే ప్లాంటు మొదలైంది. అది ఎందుకు సాధ్యమైంది? ఇళ్ల దగ్గర చెత్త విడిగా వచ్చింది కనుక. అంటే ప్లాంటు పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి మాట. మన దగ్గర ఏం జరిగింది? 2015లో హైదరాబాదులో ఇంటింటికీ ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పంచారు. స్వచ్ఛ ఆటోలు ఇచ్చారు. బ్యాంకు అప్పు డ్రైవరు మీద, నెలకు ఇంటికి 50 రూపాయలు వసూలు చేసుకోవడం కూడా డ్రైవరు మీదే. బుట్టలు చాలా ఇళ్లలో బియ్యానికీ, నీళ్లకూ పనికొచ్చాయి. చెత్త మాత్రం కలిసే వచ్చింది. ఆటో వెనక ఆ కుప్ప మీద నిలబడి డ్రైవరు భార్యో, తమ్ముడో ఉత్త చేతులతో వేరు చేయడం ఎవరైనా చూడొచ్చు. ఆ పని జీతంలో లేదు, ఏ లెక్కలోనూ లేదు.

ఈ ప్లానులో ఇంకో మెలిక ఉంది. కాంట్రాక్టరుకు టన్నుకు ఇంత అని డబ్బు కడితే, చెత్త తగ్గడం వాడికి నష్టం. తడిదంతా వార్డులోనే ఎరువైతే వాడి లారీలో బరువు తగ్గుతుంది, బిల్లు తగ్గుతుంది. తగ్గించమని మనం అడుగుతాం, పెరిగితేనే వాడు బతుకుతాడు. కాబట్టి ఒప్పందం కాగితంలో మొదట చూడాల్సింది ఆ ఒక్క వాక్యం. ఎత్తిన బరువుకు డబ్బా, డంపుకు పోకుండా తప్పించిన బరువుకు డబ్బా?

మూడో ప్లాను కొత్త కల కాదు. 2003 తర్వాత మన సూర్యాపేటలో మునిసిపాలిటీ తడి, పొడి విడివిడిగా తీసుకుని, తడిది ఎరువు చేసి, పొడిది అమ్మి దేశానికి చూపించింది. పుణెలో 1993లో చెత్త ఏరుకునేవాళ్లు, ఎక్కువమంది దళిత ఆడవాళ్లే, సంఘం కట్టుకున్నారు. కార్పొరేషన్ ఇచ్చిన గుర్తింపు కార్డులు సాధించారు. 2008లో వాళ్ల సహకార సంఘం ‘స్వచ్ఛ్’ ఇంటింటి సేకరణ పనిని కార్పొరేషన్‌తో ఒప్పందం మీద తీసుకుంది. ఇళ్లవాళ్లు ఇచ్చే రుసుము వాళ్లదే, పొడి సరుకు అమ్మిన డబ్బూ వాళ్లదే. సుఖంగా ఏమీ లేరు. ఒప్పందం గడువు ముగిసినప్పుడల్లా మళ్లీ కొట్లాడాల్సి వస్తోంది. కానీ మన నాలుగు ప్రశ్నలకూ దగ్గరగా జవాబు చెప్పేది ఈ ప్లానే. అందుకే మేం దీని పక్షాన నిలబడుతున్నాం.

ఇక్కడ మన పిల్లలు ఒక ప్రశ్న అడుగుతున్నారు. “సంఘం పెట్టినా, సహకారం పెట్టినా మళ్లీ చెత్త మనదేనా? ఈ పని వదిలి బయటపడటం కదా విముక్తి?” ఆ కోపం న్యాయమైనది. పనిని పంచుకోవడం వేరు, పుట్టుకను బట్టి మనుషుల్ని విడగొట్టడం వేరని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. కాబట్టి మా జవాబు రెండు భాగాలు. ఇవ్వాళ ఆ పని మీద బతుకుతున్న అక్కను కంపెనీ కోసం వెళ్లగొడితే ఆమెకు విముక్తి రాదు, ఆకలి వస్తుంది. అందుకని ఆమెకు జీతం, కార్డు, చేతి తొడుగులు, బూట్లు, వైద్యం, సరుకు మీద హక్కు కావాలి. రేపు ఆమె బిడ్డకు చదువు, వేరే ఉద్యోగం కావాలి. ఆ పోస్టులు ఏ ఒక్క కులానికీ రాసిపెట్టినట్టు ఉండకూడదు. తన ఇంటి తడిని, పొడిని తానే వేరు చేయడం అంటే పెద్ద కులాల ఇంట్లో ప్రతి మనిషీ తన మురికిని తాను ముట్టుకోవడం. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చెత్త ప్లానులో కులాన్ని కదిలించే మొదటి పని అదే.

చట్టం కూడా మన వైపు కొంత ఉంది. 2016 నియమాలు ఇంట్లోనే చెత్త వేరు చేయాలన్నాయి, చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలన్నాయి. వాటి స్థానంలో వచ్చిన 2026 నియమాలు నాలుగుగా వేరు చేయమంటున్నాయి. తడి, పొడి, ప్యాడ్లు డైపర్ల వంటివి, మందులు బల్బుల వంటివి. కాగితం మీద ఉన్నదాన్ని గడప దాకా తీసుకురావడం మన పని.

ఆంధ్రలో 2021లో ఇంటింటి మీదా చెత్త రుసుము వేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, తిట్టుకున్నారు. 2024 అక్టోబరులో రద్దు ప్రకటించారు. దీన్నుంచి కూడా నేర్చుకోవాలి. ఏ ప్లానుకైనా డబ్బు కావాలి. అది పెద్ద హోటళ్ల నుంచి, ఫంక్షన్ హాళ్ల నుంచి, అపార్టుమెంట్ల నుంచి వాళ్ల చెత్త బరువును బట్టి రావాలి. గుడిసె తలుపు కొట్టి వసూలు చేయొద్దు.

కార్యకర్తలు ఇక్కడి నుంచి పోయాక చేయాల్సిన పనులు నాలుగు. మీ మునిసిపాలిటీ ఒప్పందం నకలు సమాచార హక్కు కింద అడగండి, డబ్బు ఏ లెక్కన ఇస్తున్నారో చూడండి. మీ వార్డులో చెత్త ఏరుకునేవాళ్ల పేర్లు, ఆడవాళ్లతో మొదలుపెట్టి, రాయండి, కార్డుల కోసం దరఖాస్తు పెట్టండి. యార్డు రాబోయే ఊళ్లో గ్రామసభ పెట్టించి, మాల మాదిగ వాడల నుంచి అందరూ కూర్చుని తీర్మానం రాయించండి. కలిపిన చెత్త ఎత్తబోమని చెప్పే కార్మికుడికి సంఘం మొత్తం అండగా నిలబడాలి. ఒక్కడే చెప్తే వాడి పని పోతుంది, అందరం చెప్తే ఇంట్లోవాళ్లు రెండో బుట్ట తీస్తారు.

ఊరివాళ్లు ‘మా ఊళ్లో పోయొద్దు’ అంటున్నారు. కార్మికులు ‘మా చేతుల మీద పోయొద్దు’ అంటున్నారు. రెండూ ఒకే కొట్లాట. విడివిడిగా అడిగితే యార్డు ఈ ఊరి నుంచి ఆ ఊరికి మారుతుంది, అంతే. కలిసి అడుగుదాం.

జై భీమ్!