తెప్పలోంచి పుట్టిన మాట



ఈ స్మారకోపన్యాసం ఏ సార్ పేరిట జరుగుతున్నదో ఆయన బళ్లో తెలుగు చెప్పినన్నాళ్లూ, పాఠంలో కొత్త మాట ఎదురైతే దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చకుండా పేజీ తిప్పనిచ్చేవారు కాదు. అందుకే ఒకే ఒక్క మాటతో వచ్చాను. ఫ్లొటిల్లా. 2025 ఆగస్టు చివర బార్సిలోనాలో బయల్దేరి, దారిలో కలిసినవాటితో 40కి పైబడ్డ చిన్న పడవలు గాజా వైపు సాగినప్పుడు మన పత్రికలు ఈ మాటను ఉన్నదున్నట్టు అచ్చేశాయి. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు సముద్రం లేదు. అయినా ఈ మాటతో మనకు చుట్టరికం ఉందని చెప్పడానికే నిలబడ్డాను.

ఫ్లొటిల్లా అంటే చిన్న పడవల సమూహం, లేదా పడవల చిన్న సమూహం. నౌకాదళాల్లో డిస్ట్రాయర్ల వంటి చిన్న యుద్ధనౌకల జట్టుకూ ఇదే పేరు. స్పానిష్‌లో ఫ్లోతా అంటే ఓడల సమూహం. చివరి ‘ఇల్లా’ చిన్నదని చెప్పే తోక. ఈ తోక జనగామకు కొత్తది కాదు. గెర్రా అంటే యుద్ధం, గెరిల్లా అంటే చిన్న యుద్ధం. 1808లో మొదలై నెపోలియన్ సేనల మీద స్పెయిన్ పల్లెలు సాగించిన పోరుతో లోకమంతా తెలిసిన ఆ మాట, 1946 జూలై 4న జనగామ జిల్లా కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో మన పల్లెల నోళ్లలో పడింది. చదువురాని వాళ్లు కూడా దాన్ని సొంత మాటలాగే వాడారు.

ఫ్లోతా స్పెయిన్‌కు ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచి మాట వెనక ఉత్తర ఐరోపా నావికుల పాత నోర్స్ భాష ఉంది. అందులో ‘ఫ్లోతి’ అంటే తేలేది, తెప్ప; ఓడల గుంపుకూ అదే మాట. నా మనసు ఇక్కడే ఆగింది. తెప్పకూ ఓడల గుంపుకూ ఒకే పేరెందుకు? హిందీలోనూ అంతే. ‘బేడా పార్’ అన్నప్పటి బేడా తెప్ప. విశాఖలోని మన తూర్పు నౌకాదళపు ఓడల సమూహమూ బేడాయే. సంబంధం లేని రెండు చోట్ల ఒకే దారి పడిందంటే దానికి కారణం ఉండాలి. నాకు తోచింది ఇది. ఒక్క దుంగ మనిషిని మోయదు, నీళ్లలో దొర్లిపోతుంది. నాలుగు దుంగలు కలిపి కడితే సంసారం మొత్తాన్ని అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. తెప్పంటే కట్టు. ఓడల గుంపంటే తాడు లేని కట్టు. ఫ్లొటిల్లాలో చిన్నతనం తోకలో ఉంది, ప్రాణం మాత్రం ఈ కూడికలో ఉంది.

తెలుగులో సంగడి అంటే జత, చెలిమి, సంగడికాడంటే చెలికాడు. రెండు దోనెలను పక్కపక్కన కట్టి రేవు దాటించే పడవకూ సంగడి అనే పేరుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం ‘పెరిప్లస్’ దక్షిణాది తీరంలో దుంగలు కలిపికట్టిన పెద్ద పడవలను ‘సంగర’ అంది. పండితులు దాన్ని మలయాళపు చంగాడంతోనూ దాని దక్షిణాది చుట్టాలతోనూ కలిపి చూశారు. స్నేహానికీ పడవల కట్టుకూ ఒకే మాట పెట్టుకున్న జాతి మనది. అది నాకు గర్వంగా ఉంటుంది.

ఓడలు కలిసి నడవడానికి మొదటి కారణం భయం. పదహారో శతాబ్దంలో అమెరికా వెండి తెచ్చే స్పెయిన్ ఓడలను సముద్రపు దొంగలకు జడిసి గుంపుగానే పంపేవారు. ఆ గుంపే ఫ్లోతా. మన తీరంలోనైతే దొంగల కన్నా ముందు వర్తకులు ఒడ్డునున్న రాజుకు భయపడేవారు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకును రాజులు లాక్కునేవారు. ఓరుగల్లులో కూర్చున్న కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఆ దోపిడీని మాన్పించింది. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాటిచ్చింది. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యో వంతు. సముద్రానికి అంత దూరాన ఉన్న రాజు నావికుడి గుండెదడ తెలిసి రాసిన శాసనం అది.

రెండో కారణం లోతులేని నీళ్లు. ఇసుకదిబ్బల నదిలో పెద్ద ఓడ కూరుకుపోతుంది, అడుగు తేలికైన పడవలు పది వెళ్లిపోతాయి. 1852 బర్మా యుద్ధానికి ఐరావతిలో దింపిన సర్కారు ఆవిరి పడవలను కొని 1865లో ఒక కంపెనీ మొదలైంది. దాని పేరులోనే ఫ్లొటిల్లా ఉంది: ఇర్రవాడి ఫ్లొటిల్లా కంపెనీ. 1920ల నాటికి దానికి 600 పైచిలుకు పడవలు. ఆ కాలంలో రంగూన్ రేవులో సరుకు మోసిన కూలీల్లో మనవాళ్లు ఎందరో. కోరంగి రేవు నుంచి వచ్చారని వాళ్లను కోరంగీలన్నారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె కట్టినవారు ఆ తెలుగు కూలీలే. వారి స్థానంలో బర్మీయులను పెట్టి, మళ్లీ తీసేసిన యజమానుల తీరు వల్ల రేగిన అల్లర్లలో చచ్చినవారిలోనూ వారే ఎక్కువ. 1942లో జపాన్ సైన్యం ముంచుకొస్తుంటే కంపెనీ తన పడవలను తానే ముంచేసుకుంది.

అలాంటి పడవల బారు మన గోదావరికీ రావలసింది. ఆర్థర్ కాటన్ పట్టుదలతో, కెప్టెన్ హేగ్ సర్వేతో ఎగువ గోదావరి జలమార్గం పని మొదలైంది. బేరారు, హింగన్‌ఘాట్ పత్తిని నీటి మీద కాకినాడకు దించాలన్నది ఆశ. 1860 ఒప్పందంలో నిజాం ఎడమ గట్టు భూములు వదులుకొని, గోదావరి మీద సుంకాలు ఎత్తేశాడు. రాతిగుట్టల అడ్డంకులు మూడు: దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవల్‌మర్రి. రెండోదైన ఇంచంపల్లి ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో, కాళేశ్వరానికి దిగువన ఉంది. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. 1871లో పని మానేశారు. ఎండాకాలం నీళ్లుండని నదిలో ఆ పథకం ఎలాగూ గట్టెక్కేది కాదంటారు కొందరు. కాటన్ పొరబడ్డాడని నేననను. నీళ్లను తూచాడు కానీ రైలు వేగాన్ని తూచలేదు. 2016 జలమార్గాల చట్టం గోదావరిని భద్రాచలం నుంచి నాసిక్ దాకా జాతీయ జలమార్గంలో చేర్చింది, అంటే కాళేశ్వరం రేవు కాగితం మీద మళ్లీ దారిలో ఉంది.

సముద్రం లేదన్నాను కానీ, కాకతీయుల కాలం మన చెరువులకు సముద్రమనే పేరు పెట్టింది. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో గణపసముద్రం. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుని చెల్లెలు మైలమ తవ్వించిన చెరువు ధర్మకీర్తి సముద్రం. ఇలాంటి చెరువుల్లో ముదిరాజులూ బెస్తలూ పుట్టెలూ తెప్పలూ వేసుకొని, వలలు కలిపి చేపలు పడతారు. ఆ పడవల భాగాలకూ వలకట్లకూ కలిసి సాగే వరుసలకూ వాళ్లకు సొంత మాటలున్నాయి. థర్మాకోల్ తెప్పలు వచ్చాక ఆ మాటల్లో చాలావాటికి పని తగ్గింది. ఈ మూడు జిల్లాల కళాశాలల తెలుగు శాఖలను నేను కోరేది ఒకటే. వచ్చే చేపల కాలంలో విద్యార్థులను గట్ల మీదికి పంపండి. పెద్దవాళ్ల నోటి నుంచి ఆ మాటలను, వాటి వాడుకతో సహా, చెప్పినవారి ఊరి పేరుతో సహా రాయించండి. సార్ పేరిట వచ్చే ఏడాది వేసే పుస్తకం ఆ పదకోశమే కావాలి.