సంతాన సాఫల్య కేంద్రంలో నర్సు

1978లో తొలి టెస్ట్ ట్యూబ్ బిడ్డ పుట్టుక వెనకున్న ముగ్గురిలో జీన్ పర్డీ నర్సు. అయినా ఈ రంగంలో నర్సుకు ప్రత్యేక శిక్షణ దేనికని అడిగేవారున్నారు. నర్సింగ్ పట్టా ఉంది, పైన డాక్టరున్నారు కదా అని. కానీ అండాల సేకరణకు సుమారు 36 గంటల ముందు పడాల్సిన ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేళ తప్పితే ఆ విడత మందులూ ఖర్చూ వృథా కావచ్చు. ఆ వేళను దంపతులకు విడమరచి చెప్పేది చాలాచోట్ల నర్సే. పొట్ట ఉబ్బరం, ఆయాసం అంటూ రాత్రి ఫోనొస్తే, మామూలు ఇబ్బందా, అండాశయాలు మందుకు అతిగా స్పందించాయా అని మొదట అనుమానించాల్సిందీ ఆమే. మామూలు వార్డు అనుభవం ఇదంతా నేర్పదు.

యూరప్‌లో సంతాన చికిత్స నిపుణుల సంస్థ ఎష్రే నర్సుల పనిని లాగ్‌బుక్‌లో చూసి, పరీక్ష పెట్టి ధ్రువీకరణ ఇస్తోంది. మన దేశంలో సంతాన సాఫల్య చికిత్సల నియంత్రణకు వచ్చిన 2021 చట్టం కేంద్రాల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది; నర్సు నైపుణ్యాన్నీ అంతే గట్టిగా పరీక్షించాలి. చిన్న కేంద్రాలకు ఖర్చంటారా? నిజమే. అయితే మోతాదు, వేళ, ప్రమాద సూచనలు ఏటా ఒకసారి సీనియర్ ముందు చెప్పించి చూడటానికి ఒక పూట చాలు.