గిండీ తెరిచిన తలుపు: అయ్యలసోమయాజుల లలిత



చరిత్రలో తొలి మహిళల గురించి చెప్పుకునేటప్పుడు వారి ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటాం. వారికి దరఖాస్తు ఫారం ఇచ్చిందెవరు, హాస్టల్లో గది చూపిందెవరు అని అడగం. ఇవాళ గిండీ ఇంజనీరింగ్ కళాశాల తొలి విద్యార్థిని లలితగారితో పాటు ఆ కళాశాలను కూడా తలచుకుందాం.

లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లయింది. 1937లో, కూతురికి నాలుగు నెలలప్పుడు, భర్త పోయారు. ఆ రోజుల్లో పసుపుకుంకాలు పోయిన పిల్లకు ఇంట్లో ఏ మూల దక్కేదో మీకు చెప్పనక్కర్లేదు. ఆమె మాత్రం మళ్లీ పుస్తకం పట్టారు. వైద్యం చదవచ్చు గానీ, వేళాపాళా లేని ఆ వృత్తిలో చంటిపిల్లను పెంచడం కష్టమని ఇంజనీరింగు వైపు మొగ్గారు.

తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అక్కడ చదివేదంతా మగపిల్లలే. ఆయన ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ సరేనన్నారు. ప్రొఫెసర్ కూతురు కాబట్టి సీటు దొరికిందని మీలో ఎవరైనా అనుకోవచ్చు. నిజమే కావచ్చు. అయితే ఆ తర్వాత జరిగింది చూడండి. అంతమంది మగపిల్లల మధ్య ఆమెకు తోడు లేదు. తండ్రి పూనికతో కళాశాల ఆడపిల్లల నుంచి దరఖాస్తులు పిలిచింది. మరుసటి ఏడాది పి.కె. త్రెసియా, లీలమ్మ జార్జ్ సివిల్ శాఖలో చేరారు. వాళ్ల నాన్నలు అక్కడ ప్రొఫెసర్లు కారు. ఒక తండ్రి సిఫారసుగా మొదలైంది కళాశాల నియమమైంది. నా దృష్టిలో గిండీ ఘనత అదే.

బెంగుళూరులో 1933లో శాస్త్రవేత్త కమలా సోహోనీకి ఎదురైన అనుభవం వేరు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ ఆమెను మొదట కాదన్నారు. ఆమె పట్టుబట్టాక షరతుల మీద చేర్చుకున్నారు. ప్రతిభ ఇద్దరిదీ ఒకటే స్థాయి. బల్లకు అవతల కూర్చున్నవారే వేరు.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల కోర్సు కుదించడంతో గిండీ అమ్మాయిలు ముగ్గురూ 1943లోనే పట్టాలు అందుకున్నారు. లలిత పట్టా మీద పురుషుడికని అచ్చేసిన మాటను కలంతో కొట్టేసి, స్త్రీకి తగినట్టు దిద్దారు. పరిపాలనా విభాగంవారు ఇది గమనించాలి. ఫారాలు అచ్చేసిననాడు ఆడపిల్ల వస్తుందని ఎవరూ ఊహించలేదు. వచ్చాక మాత్రం, కొత్త ఫారాలు వచ్చేదాకా ఆగమని ఆమెను తిప్పలేదు.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం ముగించుకుని, 1948లో లలిత కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ట్రాన్స్‌మిషన్ లైన్లు డిజైన్ చేశారు. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సభకు వెళ్లారు. 1979లో కన్నుమూశారు. త్రెసియా కేరళ ప్రజా పనుల శాఖలో చీఫ్ ఇంజనీర్ దాకా ఎదిగారు.

ఇలాంటి తలుపులు మీ సంస్థలోనూ ఎవరో తెరిచే ఉంటారు. మీ సిబ్బంది పత్రికలో పదోన్నతులు, పదవీ విరమణలు, సంతాపాలు వేస్తూనే ఉన్నారు. దానికి ఇంకొక్క పేజీ కలపండి. మీ ప్రతి శాఖలో తొలి విద్యార్థిని, తొలి అధ్యాపకురాలు, తొలి మహిళా ల్యాబ్ అసిస్టెంట్ ఎవరు? వారి కోసం ఏ నిబంధన సవరించారు, ఫైలు మీద సంతకం పెట్టిందెవరు? ఇవన్నీ అడ్మిషన్ రిజిస్టర్లలో, పాత సర్వీసు పుస్తకాల్లో, రిటైరైన గుమస్తాల జ్ఞాపకాల్లో ఉంటాయి. పాత కాగితాలు వేలానికి పోకముందే, ఆ పెద్దలు మీ మధ్య ఉండగానే రాసిపెట్టండి. వచ్చే ఏడాది ఇదే వేదిక మీద బయటి వక్త బదులు మీలో ఒకరు ఆ పేజీలు చదివి వినిపించాలని నా కోరిక.