బొల్లారం బంగ్లా, మన గూడెం ఇల్లు
(యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మీకు ఒక ఇంటి కథ చెప్తా. సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది కదా, దాని కథ. నేను కూడా టికెట్ కొనుక్కొని పోయి చూసిన.

సుమారు 90 ఎకరాల తోట. మధ్యలో ఒకే అంతస్తు బంగ్లా. నిజాం రాజ్యంలో 1860లో కట్టారు. తర్వాత అది బ్రిటిష్ రెసిడెంటుకు విడిది ఇల్లు అయింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1950లో బంగ్లా నిజాం నుంచి ఢిల్లీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటినుంచి రాష్ట్రపతుల దక్షిణాది విడిది అదే.

చూడండి, జెండాలు మారాయి, రాజ్యాలు మారాయి. ఎవరి నుంచి ఎవరికి పోయిందో మాత్రం రాసి ఉంది. పెద్దోళ్ల ఇంటికి చరిత్ర ఉంటది, ఎందుకంటే కాగితం ఉంటది.

ఆ ఇంటికి వంటిల్లు వేరే ఉంది. అక్కడి నుంచి అన్నం తేవడానికి నేల కింద సొరంగం దారి. ఇప్పుడు దాని గోడల మీద చేర్యాల బొమ్మలు వేశారు, చాలా బాగున్నాయి. నేను అక్కడ నిలబడి ఒకటే ఆలోచించిన: ఈ దారిలో నూరేళ్లు గిన్నెలు మోసినోళ్లు ఎవరు? గోడలకు రాళ్లెత్తినోళ్లు ఎవరు? వాళ్ల పేర్లు నాకైతే ఎక్కడా కనబడలేదు.

ఆ బంగ్లా రెసిడెంటు విడిదిగా ఉన్న కాలంలోనే, 1940లో, జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం నిజాం బలగాల తూటాలకు ఒరిగిపోయాడు. రాజ్యం ఒక్కటే. అక్కడ విడిదికి 90 ఎకరాలు. ఇక్కడ ఉన్న చోట ఇల్లేసుకొని దున్నుకుంటామన్నందుకు తూటా.

2022లో మన ఆదివాసీ ఆడబిడ్డ, సంతాల్ తెగకు చెందిన ద్రౌపది ముర్ము రాష్ట్రపతి అయ్యారు. 2023 ఉగాది రోజున ఆ నిలయాన్ని జనం కోసం తెరిచారు. అంతకుముందు ఏడాదిలో కొద్ది రోజులే చూడనిచ్చేవాళ్లు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోను. కానీ ఆమె పేరు అభ్యర్థిగా వచ్చే నాటికి ఆమె పుట్టిన ఊరిలోనే ఒక గూడేనికి కరెంటు లేదని పత్రికలు రాశాయి. పెద్ద ఇంటి తలుపు తెరిస్తే మన ఇంటికి హక్కు వచ్చినట్టు కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మా తాత మట్టి గోడలతో కట్టిన ఇంట్లోనే నేను పెరిగిన. ముందు ఎవరున్నారు, ఏ సంవత్సరం వానకు గోడ కూలింది, మళ్లీ ఎవరు లేపారు, అన్నీ మా అవ్వ చెప్తది. కానీ అధికారి వచ్చి "కాగితం ఏది?" అంటే మా ఇంట్లో అందరూ తల దించుకునేవాళ్లు.

తల దించుకోవాల్సిన పని లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సాగు భూమికే కాదు, అడవి భూమిలో ఉన్న నివాసానికి కూడా హక్కు ఇస్తది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి మన ఆధీనంలో ఉండాలి. హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరున రావాలి. వారసులకు పోతది, అమ్మడానికి వీల్లేదు. దరఖాస్తు గ్రామసభకే ఇవ్వాలి.

సాక్ష్యం ఏమిటంటారా? ఆ చట్టం నియమాల్లో 13వది చదవండి. ఇల్లు, గుడిసె, బావి, పూర్వీకుల సమాధులు, ఇవన్నీ సాక్ష్యమే. దరఖాస్తుదారు కాని పెద్దమనుషులు చెప్పిన మాట రాసుకుంటే అదీ సాక్ష్యమే. ఒకటి చాలదు, ఒకటి కన్నా ఎక్కువ చూపించాలి.

అందుకే చదువుకున్న మీకు ఒక పని చెప్తున్నా. ఈ వారం ఒక నోటుబుక్కు తీసుకొని మీ గూడెంలో పెద్దల దగ్గర కూర్చోండి. ఏ ఇల్లు ఎవరు కట్టారు, తర్వాత ఎవరున్నారు, బావి ఎవరు తవ్వారు, ఒక్కొక్కటి రాయండి. కింద వాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆలస్యం చేయొద్దు. మన అవ్వలు, తాతలు పోతే సాక్ష్యం కూడా వాళ్లతోనే పోతది.

బొల్లారం బంగ్లా చరిత్ర రాయడానికి చాలా మంది ఉన్నారు. మన ఇంటి చరిత్ర మనమే రాసుకోవాలి.

జై ఆదివాసీ!