పాత కారు – రబ్బరు బుష్షులు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి మిత్రులు సవివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను పాత కార్ల సంగతి చెప్పమన్నారు. మనలో చాలామందిమి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో చిన్న కారు కొనుక్కుని, దానితోనే నెట్టుకొస్తున్నవాళ్లం. నాది 2006లో కొన్న మారుతి 800. ఆ మోడలు తయారీ 2014లో ఆగిపోయింది గాని నా బండి ఆగలేదు. 15 ఏళ్లు నిండాక, 2021లో రిజిస్ట్రేషను మరో 5 ఏళ్లకు పొడిగించుకున్నాను.

కొంతకాలం క్రితం గతుకుల్లో ముందువైపు టకటకమని చప్పుడు మొదలైంది. బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగేది. ఎదురుగా లారీ వస్తుండగా, పక్కన మా ఆవిడ కూర్చుని ఉండగా అలా లాగితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. ఒక గ్యారేజీవారు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలన్నారు. మా వీధి మెకానిక్ మాత్రం లోయర్ ఆర్మ్ సందున ఇనుప కడ్డీ పెట్టి కదిపి చూపించాడు. బుష్షు రబ్బరు పగిలి, ఆర్మ్ అటూ ఇటూ ఊగుతోంది.

చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌ను బండికి బిగించేచోట ఈ బుష్షు ఉంటుంది. లోపలొక ఇనుప గొట్టం, దానిచుట్టూ రబ్బరు. మన మోకాళ్లలో గుజ్జు ఎలాగో, బండికి ఇది అలాగ. అరిగితే చక్రం తిన్నగా నిలవదు, టైర్లు ఒకవైపే అరుగుతాయి.

పని ఇలా జరిగింది. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందువైపు జాకీతో లేపి, స్టాండ్లమీద నిలిపారు. ఒక్క జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి దూరకూడదు. చక్రం ఊడదీసి, బోల్టులు విప్పి, ఆర్మ్‌ను బయటకు తీశారు. పాత బుష్షును సుత్తితో బాదకుండా ప్రెస్సుతో నెట్టారు. రంధ్రంలోని తుప్పు గీకి, సబ్బునీళ్లు రాసి, కొత్తది తిన్నగా ఎక్కించారు. రబ్బరుకు గ్రీజు, ఇంజనాయిలు పనికిరావు. ఒకవైపే అరిగినట్లు కనిపించినా రెండువైపులా మార్చడమే మేలు.

ఇక అసలు సంగతి. ఆర్మ్‌ను తిరిగి పెట్టాక లోపలి బోల్టును అప్పుడే పూర్తిగా బిగించరాదు. బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుపోతుంది. ఆపైన ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలిపడేది రబ్బరే. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దింపగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. కనుక బోల్టు వదులుగా ఉంచి, బండిని చక్రాలమీదికి దింపి, నాలుగుసార్లు అదిమి ఊపి, అప్పుడు గుంటలో దిగి బిగించాలి. చివరగా వీల్ అలైన్‌మెంటు చూపించాలి.

ఈ వయసులో మనం స్పానరు పట్టనక్కరలేదు. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "బాబూ, బరువు చక్రాలమీద ఉండగానే బిగిస్తున్నావా?" అని అడిగితే చాలు. బిల్లు పాసుచేసేముందు వోచరు చూడటం మనకు కొత్తేమీ కాదు గదా!