చలిదేశపు పెరట్లో అంజూరపు చెట్టు



అంజూరం అనగానే మనకు కిరాణా కొట్లో దండలా గుచ్చి వేలాడదీసిన ఎండుపండ్లు గుర్తుకొస్తాయి. రాత్రి నాలుగు పండ్లు నీళ్లల్లో నానేసి పొద్దున్నే పిల్లలకు పెట్టడం చాలా ఇళ్లల్లో అలవాటే. కాని అంజూరపు చెట్టును పెరట్లో చూసినవాళ్లు మనలో తక్కువ. ఈవేళ నేను చెప్పబోయేది ఆ చెట్టు గురించే. అదీ మన ఎండల్లో కాదు, మంచు కురిసే దేశంలో, కుండీలో కాక నేలలో పెంచడం గురించి.

“అక్కడి చెట్టు సంగతి ఇక్కడ మాకెందుకమ్మా?” అంటారేమో. కొడుకో కూతురో చలిదేశంలో ఉన్న ఇళ్లు ఇప్పుడు మన వీధుల్లో ఎన్ని లేవు? పురుడు పొయ్యడానికనీ, పసిపిల్లను చూసుకోవడానికనీ ఆరేసి నెలలు వెళ్లి వచ్చేది మనమే కదా! వెళ్లినచోట ఇంటి వెనక ఇంత నేల ఉంటుంది. అందులో గడ్డి తప్ప ఏమీ ఉండదు. చూస్తూ చూస్తూ ఊరుకోగలమా?

ఈ చెట్టు మనకు పరాయిది కూడా కాదు. మర్రి, రావి, జువ్వి, మేడి, అంజూరం అన్నీ ఒకే ఇంటిపేరు చెట్లు. కాయ అని మనం అనుకునేదాని లోపలే వీటి పూలన్నీ దాగి ఉంటాయి. మన అనంతపురం జిల్లాలో అంజూరపు తోటలున్నాయి. పుణె దగ్గర పురందర్ అంజూరానికి 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండను ప్రేమించే ఈ చెట్టును మంచులో బతికించుకోవడం ఎట్లాగో నేను నేర్చుకున్నది ఒక ఇటలీ మామ్మగారి దగ్గర.

2011 నవంబరులో మా అమ్మాయి పురిటికని న్యూజెర్సీ వెళ్లాను. ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, పక్కింటి ముసలి దంపతులు పెరట్లో నిలువెత్తు పొడుగున గొయ్యి తవ్వుతున్నారు. పక్కనే పాత దుప్పట్లు చుట్టి తాళ్లతో కట్టిన పొడుగాటి మూట ఒకటి ఉంది. నా గుండె ఆగిపోయినంత పనైంది. మా అమ్మాయిని కేకేశాను. అది వచ్చి చూసి పడీపడీ నవ్వింది. “అంజూరపు చెట్టమ్మా! ఏటా పాతిపెట్టి ఏప్రిల్‌లో లేపుతారు” అంది.

1880 మొదలు 1920 దాకా సుమారు 40 లక్షలమంది ఇటలీవాళ్లు అమెరికాకు వలస వెళ్లారు. సిసిలీనుంచీ, కలాబ్రియానుంచీ, నేపుల్స్ వైపునుంచీ వచ్చిన పేదవాళ్లు చాలామంది ఒక అంజూరపు కొమ్మ కూడా మూటగట్టుకుని వచ్చారు. న్యూయార్కులోనూ, న్యూజెర్సీలోనూ చిన్న చిన్న పెరళ్లలో నాటుకున్నారు. చలికాలం వచ్చేసరికి చెట్టుకు పాత తివాచీలు చుట్టి, పైన బాల్చీ బోర్లించడమో, లేకపోతే చెట్టును వంచి మట్టికింద పడుకోబెట్టడమో చేసేవారు. వాళ్ల పిల్లలకూ మనవలకూ ఈ విద్య అట్లా సంక్రమించింది.

ఇంతకీ చలి ఈ చెట్టును ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి. ఆకు రాల్చి నిద్రపోతున్న ముదురుకొమ్మ సున్నాకు దిగువ సుమారు 9 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అంతకు మించితే కొమ్మలు చస్తాయి. లేతకొమ్మలైతే ఇంకా ముందే పోతాయి. మా అమ్మాయి వాళ్ల ఊళ్లో కొన్ని రాత్రులు సున్నాకు దిగువ 15 దాకా పడిపోతుంది. కాని మట్టిలో ఉన్న వేరుకు అంత చలి తగలదు. పైనంతా చచ్చినా అడుగున ప్రాణం ఉంటుంది. ఈ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకోండి. నేను చెప్పే కథంతా దీనిమీదే ఉంది.

ఆ నవంబరులోనే మామ్మగారు మాకు నాలుగు కొమ్మలు కోసి ఇచ్చారు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అయినా చేతులతో చెప్పుకున్నాం. పెన్సిలు లావున, జానెడు పొడుగున ఉన్న కొమ్మను తడి ఇసుకలో మూడొంతులు పాతిపెడితే వేరు పడుతుంది. నాలుగింటిలో రెండు బతికాయి. మొదటి రెండు చలికాలాలూ కుండీలోనే కారుషెడ్డులో ఉంచి, 2013 మేలో ఒకదాన్ని నేలలో నాటారు.

ఆ ఏడే పక్కింటి తాతగారు పోయారు. నవంబరులో వాళ్ల చెట్టును పాతిపెట్టేవారు లేరు. మా అల్లుడేమో మా మొక్కకు ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టి, ఇక ఫరవాలేదనుకున్నాడు. 2014 జనవరిలో ఉత్తరధ్రువపు చలిగాలి ఆ ప్రాంతాన్నంతా కమ్మేసింది. ఏప్రిల్‌లో నేను మళ్లీ వెళ్లేసరికి మా మొక్క నల్లబడి, బూజుపట్టి, గోటితో గీకితే లోపల గోధుమరంగు తేలింది. పచ్చ అన్నది లేదు. వాళ్ల పెద్దచెట్టూ అంతే. మామ్మగారు అప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. ఆవిడ కొడుకులు మే మొదట్లో వచ్చి పెరడు బాగుచేయిస్తూ, ఎండిపోయిందని ఆ చెట్టును వేళ్లతో సహా పీకించేశారు.

వారం తర్వాత మా అల్లుడు కూడా పార పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఇంటికొచ్చిన మామ్మగారు కర్ర పొడుచుకుంటూ కంచె దగ్గరకు వచ్చి కేకలేశారు. “జూన్ దాకా! జూన్ దాకా!” అని. అల్లుడు పార దించాడు. జూన్ రెండోవారంలో మా మొక్క మొదట్లో నేలను చీల్చుకుని మూడు పిలకలు లేచాయి. వాటిని చూస్తూ ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తమ పెరట్లో గొయ్యి పూడ్చినచోట వేసిన కొత్తగడ్డి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు. దాని అడుగునా ప్రాణం ఉండే ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు.

అందుకే చెబుతున్నాను. చలికాలం దాటిన అంజూరం ఎండినట్టు కనబడితే జూన్ నెలాఖరు దాకా పీకకండి.

ఇక నాటే పద్ధతి. మన ఊరినుంచి కొమ్మ పట్టుకెళ్దామనుకోవద్దు. అనుమతీ, మొక్కకు ఆరోగ్య ధ్రువపత్రమూ లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. జరిమానా కూడా పడవచ్చు. అక్కడే ఇరుగుపొరుగును అడగండి, లేదా నర్సరీలో కొనండి. షికాగో హార్డీ, బ్రౌన్ టర్కీ, సెలెస్ట్ అనే రకాలు చలికి కొంత తట్టుకుంటాయి. వీటిలో షికాగో హార్డీకి ఒక మంచిగుణం ఉంది. పాతకొమ్మలు చచ్చినా, ఆ ఏడు లేచిన కొత్తకొమ్మకే కాయ పట్టి, వేసవి కాస్త పొడుగ్గా ఉంటే పండుతుంది.

దక్షిణం వైపు ఇటుకగోడ ఉంటే దాని పక్కన నాటండి. పగలు పీల్చుకున్న ఎండను ఆ గోడ రాత్రి చెట్టుకు ఇస్తుంది. ఉత్తరపు గాలి తగలకూడదు, నీరు నిలవకూడదు. వసంతంలో మంచు భయం పోయాకే, కుండీలో ఉన్నదానికన్నా మూడు నాలుగు అంగుళాలు లోతుగా నాటాలి. ఎందుకంటే మట్టికింద దాగిన కణుపులే రేపు ఆపద్బంధువులు. అన్నట్టు, అమెరికాలో గొయ్యి తవ్వేముందు 811కి ఫోను చెయ్యాలి. గ్యాసు గొట్టాలూ, కరెంటు తీగలూ ఎక్కడున్నాయో వచ్చి ఉచితంగా గుర్తులు పెట్టిపోతారు.

ఎరువు విషయంలో మన ప్రేమను కాస్త అదుపులో పెట్టుకోవాలి. ఎరువు ఎక్కువైతే ఆకులు ఏనుగు చెవులంత అవుతాయి, కాయ ఉండదు. కొమ్మ ముదరక చలికి ముందుగా చస్తుంది. ఇంగ్లండులో అయితే రెండడుగుల గొయ్యి తీసి, నాలుగువైపులా రాతిపలకలు నిలబెట్టి, అడుగున ఇటుకముక్కలు పోసి అందులో నాటతారు. వేరు కట్టుబడితే కాయ పడుతుంది.

చలికాలపు రక్షణకు మూడు దారులున్నాయి. మూడింటికీ ముందు ఆకు పూర్తిగా రాలనివ్వాలి. మొదటిది చుట్టడం. కొమ్మల్ని తాడుతో దగ్గరకు కట్టి, చుట్టూ కర్రలు పాతి, ఇనుపవలతో గూడు కట్టి, అందులో బాగా ఎండిన ఆకులు కూరాలి. వలపైన గోనెసంచులో పాతదుప్పట్లో చుట్టి, అన్నిటికీ పైన వాన దిగకుండా పట్టా కప్పాలి. ప్లాస్టిక్ చెక్కును తాకకూడదు. కాస్త గాలి ఆడాలి. మేము చేసిన తప్పు అదే. లోపలి తడి బయటికి పోక కొమ్మ కుళ్లింది. ఎలుకలు లోపల కాపురం పెట్టి బెరడు కొరుకుతాయి కనుక, మొదలు చుట్టూ సన్నరంధ్రాల వల కూడా వెయ్యాలి సుమండీ.

రెండోది పాతిపెట్టడం. ఒకవైపు రెండడుగుల లోతు గొయ్యి తీసి, గొయ్యి వైపూ దానికి ఎదురువైపూ వేళ్లను పారతో కొయ్యాలి. మిగిలిన రెండు పక్కల వేళ్లూ తలుపు బందుల్లా పనిచేస్తాయి. కట్టిన చెట్టును మెల్లగా వంచి పడుకోబెట్టి, పైన చెక్కలు, ఆకులు, పట్టా, ఆపైన మట్టి వెయ్యాలి. ఇది బాగా చలిప్రాంతాలకు మంచిది కాని, ఇద్దరు మనుషుల పని. వంగలేని వయసులో వద్దు.

మూడోది మనబోటివాళ్లకు సులువైనది. జపాన్ తోటల్లో ఇట్లా పెంచుతారు. మొదలును ఒకటిన్నర అడుగు ఎత్తులోనే ఆపి, రెండు కొమ్మల్ని నేలకు సమాంతరంగా చెరోవైపుకు తీగకు కట్టాలి. ఏటా వాటిమీదనుంచి లేచే కొమ్మలే కాస్తాయి. శీతాకాలంలో వాటిని పొట్టిగా కత్తిరించి, ఆ రెండు చేతులమీదా ఎండుటాకులు గుట్టగా పోసి కప్పితే సరిపోతుంది. చెట్టును వంచే పని లేదు.

కప్పింది తీసేటప్పుడు తొందరపడకూడదు. మార్చిలో ఒక వెచ్చని రోజు చూసి మురిసి తీసేస్తే, ఏప్రిల్ మంచు చిగుళ్లను మాడ్చేస్తుంది. ఏప్రిల్ సగం దాటాక, మబ్బుపట్టిన రోజున కొంచెం కొంచెంగా తియ్యాలి.

వేసవిలో కొత్తకొమ్మకు ఐదారు ఆకులు రాగానే చివర తుంచితే కాయ త్వరగా పడుతుంది. కాయ ముదిరి రంగు మారబోయే వేళకు దాని కంటిమీద ఒక్క చుక్క ఆలివ్ నూనె వేస్తే కొన్నాళ్లు ముందుగా పండుతుంది. ఇది పాత ఇటలీ చిట్కా. చలి తరుముకొచ్చే చోట ఆ నాలుగురోజులే పండుకూ కాయకూ తేడా. అంజూరం కోశాక పండదు. మెడ వాలి, మెత్తబడి, కిందికి వేలాడినప్పుడే కొయ్యాలి. ఒక జాగ్రత్త ఉంది. కొమ్మ విరిస్తే కారే పాలు చర్మానికి తగిలి, దానిమీద ఎండ పడితే బొబ్బలెక్కుతుంది. చేతితొడుగులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరకు రానీకండి.

“అంజూరంలో పురుగు ఉంటుందటగా, శాకాహారులం తినవచ్చా?” అని నన్ను చాలామంది అడిగారు. మేడిపండును వేమన మనకు చిన్నప్పుడే పరిచయం చేశాడు కదా! టర్కీలో ఎండబెట్టే స్మిర్నా రకానికి ఒక చిన్న కందిరీగ లోపలికి దూరి పుప్పొడి అందించాలి. ఆ రకం కాయాలనే 1899లో కాలిఫోర్నియాలో ఆ కందిరీగను స్థిరపరిచారు. కాని చలిదేశపు పెరళ్లలో వేసే రకాలకూ, మన పుణె రకానికీ ఆ పురుగుతో పనే లేదు. పుప్పొడి లేకుండానే పండుతాయి. నిశ్చింతగా తినండి.

కథ పూర్తిచేసి సెలవు తీసుకుంటాను. ఆ 2014 సెప్టెంబరులో నేను తిరిగి బయలుదేరే ముందు, మా మొక్క మూడు పిలకల్లో ఒకదాన్ని వేరుతో సహా విడదీసి కుండీలో పెట్టి మామ్మగారికి ఇచ్చాం. తాతగారి చెట్టు కొమ్మే కదా అది! ఆవిడ ఆ కుండీని ముందుగదిలో కిటికీ దగ్గర పెట్టుకున్నారు. ఈసారి మాది ఎండుటాకులతో, గోనెలతో సరిగా చుట్టాం. 2015 సెప్టెంబరులో పదకొండు పండ్లు వచ్చాయని అమ్మాయి ఫోను చేసింది. మొదటి రెండూ కంచె అవతలికే వెళ్లాయట. కుండీలోదాన్ని మరుసటి మేలో పాత చెట్టు ఉన్నచోటే నేలలో నాటారు. గొయ్యి తవ్వింది మా అల్లుడు.

మీ అమ్మాయో కోడలో చలిదేశంలో ఉంటే, ఈ జూన్ మాట ఒక్కటి ఫోనులో చెప్పండి.