ఏకగ్రీవమైతే సరిపోతుందా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఊరి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఎన్నిక పోటీ లేకుండా పది నిమిషాల్లో ముగిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మనవరాలి తరఫున వెళ్ళిన నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మరుగుదొడ్లకు నీళ్ళు లేవని, రెండు తరగతులకు ఒకరే టీచరని ఎవరమూ నోరెత్తలేదు.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంట్ల ఖర్చు గమనించడం వారి పని. కూలికెళ్ళే తల్లికి ఆ లెక్కలు చదివి చెప్పేవారేరీ?

సర్వీసంతా ఫైళ్ళు చూసిన మనం నెలకొక పూట ఆ సాయం చేయలేమా? మనకు పదవులక్కర్లేదు. సోమవారం నేను బడికి వెళ్తున్నాను. వచ్చేవారు దయచేసి చేతులెత్తండి.